బురద నడక – తలకిందులైన మన భయాలు

వానాకాలం మొదలై నాలుగు గట్టి వానలు పడ్డాయంటే చాలు, ఆదివారం ఉదయం హనుమకొండ నుండి ములుగు వైపు వెళ్లే దారి కార్లతో నిండిపోతుంది. కొందరు రామప్ప దగ్గర ఆగుతారు. కొందరు లక్నవరం వైపు మళ్లుతారు. మిగిలినవారు వాజేడు దాకా సాగి బొగత జలపాతం చూసి వస్తారు. ఈ ప్రయాణంలో తాడ్వాయి, ఏటూరునాగారం అడవులు చాలాసేపు కిటికీ అద్దానికి అవతల పక్కనే సాగుతూ ఉంటాయి. వాటిలోకి దిగి ఒక్క కిలోమీటరైనా కాలినడకన వెళ్లి వచ్చిన కుటుంబాలు ఎన్ని? నన్ను కలిసేవారిని అడిగి చూశాను. చాలామంది చెప్పిన సమాధానం ఒక్కటే: "అంతా బురద కదా డాక్టరు గారూ, పిల్లలతో ఎట్లా దిగుతం?"

ఆ సమాధానమే ఈ వ్యాసం వ్రాయడానికి కారణం. బురదకు జంకి అడవి నడక మానుకున్న కుటుంబమే జలపాతం కింద పిల్లలను నిలబెట్టి ఫోటోలు తీసుకుంటుంది. పొంగుతున్న వాగు మీదుగా కారు దాటిస్తుంది. తిరిగి వచ్చిన పది రోజులకు జ్వరం వస్తే వైద్యునికి అడవి మాటే చెప్పదు. మన భయాల వరుస తలకిందులైందని నా అభిప్రాయం. చివరన ఉండవలసిన భయం మొదటికి వచ్చి కూర్చుంది. మొదట ఉండవలసినవి అసలు మన ఊహలోనే లేవు.

ముందుగా మన అడవుల గురించి కొంత చెప్పాలి. ఏడాది పొడుగునా తడిగా, పచ్చగా ఉండే ప్రాచీన వర్షారణ్యం చూడాలంటే పశ్చిమ కనుమలకు, ఆగుంబెకో సైలెంట్ వ్యాలీకో వెళ్లాలి. మనవి ఆకురాల్చే అడవులు. ఏప్రిల్ నెలలో చూస్తే టేకు, నల్లమద్ది, తునికి, ఏగిస అన్నీ మోడులై, నేలంతా ఎండుటాకులై, నిప్పురవ్వకు ఎదురుచూస్తున్నట్లుంటాయి. అదే అడవి ఆగస్టులో పూర్తిగా మరొకటి. ఆకుల మధ్య ఆకాశం కనిపించదు, బాట పక్కన పుట్టగొడుగులు లేస్తాయి, వెదురు పొదల కింద మధ్యాహ్నమే మసక కమ్ముతుంది. మనకు వర్షారణ్యం ఏడాదిలో మూడు నెలలు మాత్రమే వచ్చిపోయే అతిథి. ఆ మూడు నెలలూ బురద కూడా వెంటే వస్తుంది. బురద వద్దనుకుంటే ఆ అడవీ మనకు లేనట్లే.

వరంగల్ వాసులకు ఇందుకు అనువైన చోటు పాఖాల. నర్సంపేట మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టిన చెరువు అది. ఎనిమిది వందల ఏళ్లుగా పొలాలకు నీరిస్తున్న ఆ చెరువు చుట్టూ ఇప్పుడు వన్యప్రాణి అభయారణ్యం ఉన్నది. వెళ్లినవారిలో అధికులు కట్ట మీద నిలబడి, నీళ్లు చూసి, తెచ్చుకున్న పులిహోర తిని వచ్చేస్తారు. అందులో తప్పేమీ లేదు. అయితే అటవీ సిబ్బందిని అడిగి, వారు వెళ్లవచ్చునన్న బాట వెంట రెండు కిలోమీటర్లు నడిస్తే కలిగే ప్రయోజనం వేరు.

రెండేళ్ల క్రితం ఆగస్టులో మా కుటుంబం అటువంటి నడక ఒకటి చేసింది. మా కోడలు, ఎనిమిదేళ్ల మా మనుమరాలు, నేను, నా భార్య, ఆమె అన్నగారు. బావగారికి అరవై ఎనిమిదేళ్లు. పద్దెనిమిదేళ్లుగా మధుమేహం ఉన్నది. ముందురోజు రాత్రి వాన కురిసింది. బండిబాటలో చక్రాల జాడలన్నీ నీళ్లతో నిండి ఉన్నాయి. దిగిన నిమిషం నుండి మా కోడలు అమ్మాయిని వారిస్తూనే ఉన్నది: "బిడ్డా, బురదల అడుగు పెట్టకు, జ్వరమొస్తది. ఆ మట్టి ముట్టుకోకు." పిల్ల కాళ్లకు సాక్సులు, బూట్లు ఉన్నాయి. టీకాలన్నీ సమయానికి వేయించినవే. ఒంటి మీద గాయమన్నది లేదు. ఆ పిల్లను అందరమూ కాపలా కాస్తుంటే, మా బావగారు అరిగిపోయిన హవాయి చెప్పులతో అదే బురదలో నింపాదిగా నడుస్తున్నారు. ఆయనను ఎవరూ వారించలేదు, నేను తప్ప. "బావా, కారులో బూట్లున్నయి, వేసుకోండి" అంటే నవ్వి, "చిన్నప్పటి సంది తిరిగిన అడవే బావా, నాకేమైతది" అన్నారు.

కారు దగ్గరకు తిరిగివచ్చాక ఆయన పాదాలు కడిగి చూశాను. ఎడమ పాదంలో మడమకు కొంచెం ముందు రేగు ముల్లు ఒకటి చెప్పును దాటుకొని సగం అంగుళం దిగి ఉన్నది. అది గుచ్చుకున్న సంగతే ఆయనకు తెలియదు. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో పాదాల నరాలు మొద్దుబారి నొప్పి తెలియకుండా పోతుంది. ముల్లు తీసి, శుభ్రం చేసి, పది రోజులు కట్టు మార్చితే గాయం మానింది. ఆ రాత్రి ఎవరూ చూడకపోయి ఉంటే ఏమయ్యేదో నా వృత్తిలో లెక్కకు మించి చూశాను. కాలి వేలితో మొదలైన పుండు మోకాలి కింద శస్త్రచికిత్సతో ముగిసిన సందర్భాలు వరంగల్‌లో ఏ శస్త్రవైద్యుని అడిగినా చెబుతారు.

బురద ఎవరికి ప్రమాదం అన్న ప్రశ్నకు అందరికీ ఒకే సమాధానం లేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు, చర్మం మీద గాయాలు లేనప్పుడు, బూట్లతో బురదలో గంటసేపు నడవడం వల్ల వచ్చే ముప్పు చాలా స్వల్పం. పాదాలలో స్పర్శ తగ్గినవారికి, కాలి మీద మానని పుండు ఉన్నవారికి, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారికి అదే బురద వేరొక పదార్థం. తడి మట్టిలో నివసించే ఒక బ్యాక్టీరియా వల్ల మెలియాయిడోసిస్ అనే వ్యాధి వస్తుంది. అది ప్రధానంగా మధుమేహ రోగులనే వెతుక్కుంటూ వస్తుంది. క్షయను పోలిన లక్షణాలతో వైద్యులను కూడా తికమక పెడుతుంది. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం, పగిలిన మడమల గుండా సులభంగా లోపలికి ప్రవేశిస్తుంది. కనుక ఇంటిలో వారించవలసినది తాతగారి చెప్పులను. మనుమరాలిని వదిలిపెట్టండి.

వదిలిపెట్టడమే కాదు, కొంత ప్రోత్సహించండి అని కూడా అంటాను. ఫిన్లాండ్ దేశంలో చిన్నపిల్లల సంరక్షణ కేంద్రాలలో ఒక ప్రయోగం చేశారు. కంకర పరచిన ఆటస్థలాలలో అడవి నేల నుండి తెచ్చిన మట్టిని, మొక్కలను, పచ్చికను పరిచారు. 3 నుండి 5 ఏళ్ల పిల్లలు రోజూ ఆ మట్టితో ఆడుకున్నారు. 28 రోజుల తరువాత పరీక్షిస్తే వారి చర్మం మీది సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది. రక్తంలో రోగనిరోధక వ్యవస్థ సమతూకాన్ని సూచించే మార్పులు కనిపించాయి. 2020లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. చూసినది 75 మంది పిల్లలను మాత్రమే; దీనివల్ల వారికి ఉబ్బసం రాదని, అలర్జీలు రావని ఇంకా నిరూపణ కాలేదు. అయినా పిల్లల శరీరం మట్టితో పరిచయాన్ని ఆశిస్తుందని, ఆ పరిచయం లేకుండా పెరిగితే రోగనిరోధక వ్యవస్థ శత్రువులు కానివారితో యుద్ధానికి దిగవచ్చునని చెప్పే ఆధారాలు గత మూడు దశాబ్దాలుగా పోగవుతూ వస్తున్నాయి. నేలకు తాకకుండా, గచ్చు మీద పెరిగి, చేతులకు రోజుకు పదిసార్లు శానిటైజర్ పూసుకునే పిల్లలకు నెలకొక్కసారి బురద అంటడం వల్ల నష్టమేమిటో నాకు అర్థం కాదు.

కళ్ల సంగతి ఇంకొకటి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటవ తరగతి పిల్లలకు పాఠశాలలో రోజుకు 40 నిమిషాలు ఆరుబయట గడిపే అదనపు పీరియడ్ పెట్టి, మూడేళ్లు గమనించారు. ఆ పిల్లలలో 30.4 శాతం మందికి, మామూలు పాఠశాలల పిల్లలలో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది. ఏ మందూ, ఏ చుక్కలూ లేకుండా, కేవలం పగటి వెలుతురుతో వచ్చిన తేడా ఇది. మబ్బు పట్టిన రోజున ఆరుబయటి వెలుతురు సైతం తరగతి గదిలోని వెలుతురుకంటే ఎన్నో రెట్లు అధికం. నెలకొక అడవి నడకతో కళ్లద్దాలు తప్పుతాయని నేను అనను. అక్కడ రోజూ 40 నిమిషాలు. కాని ఆదివారం అడవిలో ఆరుద్ర పురుగు చూసిన పిల్ల సోమవారం ఇంటి వెనుక మట్టిలో దానికోసం వెతుకుతుంది. మా మనుమరాలి విషయంలో జరిగినది అదే.

ఆరుద్ర పురుగు పేరు వచ్చింది కనుక దాని దూరపు బంధువు గురించి కూడా చెప్పాలి. తొలకరికి నేల మీద ఎర్రని మఖమలు ముక్కలా పాకే ఆ పురుగు మనుషులకు ఏ హానీ చేయదు. పిల్లలు అరచేతిలో పెట్టుకొని చూడవచ్చు. అదే జాతికి దగ్గరగా ఉండే మరొక సూక్ష్మకీటకం ఉన్నది. దాని పిల్ల పురుగు కంటికి కనిపించనంత చిన్నది. పొదలలో, గడ్డిలో పొంచి ఉండి, ఒంటిమీదకు ఎక్కి, బట్టలు బిగుతుగా ఉండేచోట కుడుతుంది. స్క్రబ్ టైఫస్ జ్వరం దాని ద్వారానే వస్తుంది. కుట్టినప్పుడు నొప్పి ఉండదు. వారం నుండి మూడు వారాల లోపు తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. చాలామందిలో కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని చెక్కు కట్టిన మచ్చ ఏర్పడుతుంది. చంకలో, గజ్జలో, చెవి వెనుక, నడుము దగ్గర వెతికితే దొరుకుతుంది. వెతికేవారే లేరు.

నర్సంపేట ప్రాంతంలో నేను పనిచేసిన రోజులలో ఒక యువకుడు పన్నెండు రోజుల జ్వరంతో వచ్చాడు. అంతకుముందే రెండు చోట్ల చూపించుకున్నాడు. టైఫాయిడ్ అని ఒకరు, డెంగీ కావచ్చని మరొకరు మందులిచ్చారు. అప్పటికే ఆయాసం మొదలైంది. అడవికి వెళ్లావా అని అడిగితే, కట్టెలకని వెళ్లానన్నాడు. మొలతాడు కొంచెం పైకి జరిపితే దాని కింద ఆ నల్లని మచ్చ ఉన్నది. డాక్సిసైక్లిన్ మాత్రలు మొదలుపెట్టిన రెండు రోజులకు జ్వరం దిగింది. ఆలస్యమైతే ఊపిరితిత్తులను, మెదడును, మూత్రపిండాలను దెబ్బతీసి ప్రాణం తీయగల ఈ జ్వరానికి మందు ఖర్చు కొద్ది రూపాయలే. ఖరీదైనది ఆ ఒక్క ప్రశ్న. దానిని రోగి చెప్పకపోతే వైద్యుడు అడగాలి. వైద్యుడు అడగకపోతే రోగి చెప్పాలి.

ఆ మాత్ర పుట్టుక కూడా మట్టిలోనిదే. లెడర్లీ సంస్థలో పరిశోధనలకు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు నాయకత్వం వహించిన కాలంలో, బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. 1948లో అది లోకానికి వెల్లడైంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. డాక్సిసైక్లిన్ ఆ కుటుంబంలో తరువాతి తరం. వాన పడగానే నేల నుండి లేచే కమ్మని వాసనకు ప్రధాన కారణం కూడా ఆ సూక్ష్మజీవి జాతికి చెందినవే. మట్టిని రోగాల పుట్టగా మాత్రమే చూసేవారికి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

ఇక నిజంగా భయపడవలసినవాటిలో మొదటిది నీరు. 2023 జూలై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యాలధార జలపాతం చూడడానికి వెళ్లిన పదుల సంఖ్యలో పర్యాటకులు, తిరుగుదారిలో వాగు పొంగడంతో అడవిలోనే చిక్కుకుపోయారు. విపత్తు సహాయక దళాలు వెళ్లి వారిని రాత్రికి రాత్రి బయటకు తేవలసి వచ్చింది. ఆ మరునాటి ఉదయానికి అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో అంతవరకు ఎన్నడూ లేని లెక్క అది. మీరు నిలబడిన చోట ఎండ కాస్తున్నా, ఎగువన కురిసిన వాన అరగంటలో వాగును మార్చివేస్తుంది. మోకాలి లోతు వేగపు నీరు పెద్దమనిషినైనా పడగొడుతుంది. నీళ్లు రంగు మారి, ఆకులు పుల్లలు కొట్టుకొని వస్తుంటే వెంటనే గట్టెక్కాలి. వెళ్లేటప్పుడు దాటిన వాగును తిరిగివచ్చేటప్పుడు దాటగలమన్న నమ్మకం వద్దు. అందుకే పిల్లలతో నడిచేవారు వాగు దాటని బాటనే ఎంచుకోవాలి. జలపాతానికి దూరంగా ఉన్న మామూలు అడవి బాటను నేను సిఫారసు చేయడానికి ఇదొక ముఖ్య కారణం.

పిడుగులు, గాలి రెండవది. మన దేశంలో పిడుగుపాటుకు ఏటా రెండు వేల మందికి పైగా మరణిస్తున్నారు. ఉరుము వినిపిస్తే నడక ఆపి కారులోకో, పక్కా భవనంలోకో చేరాలి. పెద్ద చెట్టు కింద తలదాచుకోవడం అన్నిటికంటే అపాయకరం. ఇక గాలి సంగతి: 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం మధ్య అడవిలో వేలాది మహావృక్షాలు కొద్దిసేపటిలోనే వేళ్లతో సహా కూలిపోయాయి. ఆ సమయంలో అక్కడ ఒక కుటుంబం నడుస్తూ ఉండి ఉంటే అన్న ఊహే ఒళ్లు జలదరింపజేస్తుంది. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజున పాఖాల ఎక్కడికీ పోదు, వచ్చే ఆదివారం వెళ్లవచ్చు.

పాముల భయం మాత్రం మనవారికి తగినంత ఉన్నది; తెలివిడి తక్కువ. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు మరణాలు ఏటా సగటున 58 వేలని ఒక విస్తృత అధ్యయనం అంచనా వేసింది. కాట్లలో అధికభాగం పొలాలలో, ఇళ్ల పరిసరాలలో, కాలికి పడేవే. బాట విడిచి పొదలలోకి వెళ్లకుండా, బూట్లతో, ముందు కర్రతో తట్టుకుంటూ పగటిపూట నడిచేవారికి ఆ ముప్పు బాగా తగ్గుతుంది. ఒకవేళ కాటు పడితే తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయించడం ఏదీ వద్దు. కాలు కదలకుండా కట్టె కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకొని, విషానికి విరుగుడు సూదిమందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ అదే మందు పనిచేస్తుంది. కనుక పామును చంపి వెంట తీసుకురానవసరం లేదు. సంచిలో పామును తెచ్చి నా బల్ల మీద పెట్టినవారు ఉన్నారు. అది అప్పటికి పూర్తిగా చావలేదు.

అటవీ స్నానం అనే మాట ఈ మధ్య నగరాలలో వినిపిస్తున్నది. 1982లో జపాన్ ప్రభుత్వం ప్రచారంలోకి తెచ్చిన భావన అది. అడవిలో నింపాదిగా నడిస్తే రక్తపోటు, మానసిక ఒత్తిడి కొంత తగ్గుతాయన్నది నిజమే. దానిని వేల రూపాయల ప్యాకేజీగా అమ్మేవారి మాటలు నమ్మి, రక్తపోటు మాత్రలు మానకండి. అడవిలోనే పుట్టి పెరిగిన కోయ కుటుంబాలకు కూడా రక్తపోటు వస్తున్నది, మలేరియా వస్తున్నది. వారికి ఆ బురద విహారం కాదు. ఆసుపత్రికి వెళ్లే దారి. వానాకాలంలో గర్భిణిని మంచం మీద మోసుకొని వాగు దాటించే ఊళ్లు మన పొరుగునే ఉన్నాయి. బురదలో ఒక గంట నడిచిన పిల్లలకు ఆ వార్త పత్రికలో చదివినప్పుడు కొంచెం వేరుగా అర్థమవుతుందని నా ఆశ.

పెద్దవారికి ఈ నడక వల్ల కలిగే లాభం వేరే ఉన్నది. చదునైన పార్కులో రోజూ ఒకే వలయం తిరిగే పాదాలకు ఎత్తుపల్లాలు తెలియవు. అరవై దాటినవారు పడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడంలో బలహీనమైన కండరాలకు, సమతూకం తగ్గిన పాదాలకు పెద్ద పాత్ర ఉన్నది. చేతికర్రతో, మనుమల భుజం ఆసరాతో, జారే నేలను చూసుకుంటూ వేసే ప్రతి అడుగూ కాలికి, కంటికి, మెదడుకు కలిపి ఇచ్చే శిక్షణ. అందుకే దూరం తక్కువగా, సమయం ఎక్కువగా పెట్టుకోమంటాను. రెండు కిలోమీటర్లకు రెండు గంటలు. గుండెజబ్బు ఉన్నవారు ముందుగా తమ వైద్యుని అడగాలి. ఇన్సులిన్ తీసుకునేవారి జేబులో చక్కెర బిళ్లలు ఉండాలి.

సామగ్రి పెద్దగా అక్కరలేదు. అందరికీ వేళ్లు కప్పే బూట్లు, ప్యాంటు అంచులు లోపలికి దోపిన పొడవాటి సాక్సులు, పూర్తి చేతుల చొక్కాలు, దోమల నివారణ మందు, తాగే నీరు. ధనుర్వాతం టీకా పదేళ్లలోపు వేయించుకున్నారో లేదో చూసుకోండి. అడవిలో దొరికిన పుట్టగొడుగులు ఇంటికి తేకండి. గుర్తుపట్టగలిగినవారు మనలో లేరు. బోడకాకర కాయలు కావాలంటే తిరుగుదారిలో నర్సంపేటలో కొనుక్కోవచ్చు.

ఇంటికి చేరగానే అందరూ సబ్బుతో స్నానం చేసి, వేసుకున్న బట్టలు విడిగా ఉతకాలి. పిల్లలకు స్నానం చేయించేటప్పుడు చంకలు, చెవుల వెనుక, మొలతాడు కింద ఒకసారి చూడండి. మధుమేహం ఉన్నవారి పాదాలను వేళ్ల సందులతో సహా మరొకరు దీపం పెట్టి చూడాలి. ఆ తరువాత గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఒక గీత గీయండి. అక్కడి నుండి మూడు వారాల లోపు ఇంటిలో ఎవరికి జ్వరం వచ్చినా, వైద్యుని ముందు కూర్చోగానే మొదట చెప్పవలసినది ఆ తేదీ, ఆ అడవి పేరు.